బండి ముందు ఉరికినోని ఉచ్చ

మూత్రం అని రాయమంది మా మనవరాలు. ఉచ్చ అని రాస్తే చదివేవాళ్లు ముఖం చిట్లిస్తారట. చిట్లించనీ. ఆ రోజు నేను రెండు చేతులతో పట్టుకుని ఊరి నడుమ నుంచి మోసుకుపోయినదాన్ని మా ఊళ్లో మూత్రం అని ఎవరూ అనలేదు.

మాది చిట్యాల దగ్గర చిన్న పల్లె. నేను కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఊరి దొర ఉండే గడీకి చెయ్యాల్సిన వెట్టి ఒకటి మా అత్తగారింటి మీద ఉండేది. దొర ఎక్కడికి బయలుదేరినా ఆయన ఎడ్లబండి ముందు మా ఇంటి మగవాడు పరుగెత్తాలి. మనుషులను, గొర్రెలను దారి నుంచి తప్పిస్తూ, దొర వస్తున్నాడని అరుస్తూ, ఎద్దులు ఎంత జోరుగా పోతే అంత జోరుగా ఉరకాలి. కూలి ఉండదు. మా మామ చిన్నప్పటి నుంచీ ఆ పనే చేశాడు. ఎండుకట్టెల్లాంటి ఆయన కాళ్లు పరుగుకు అలవాటు పడ్డాయి. మా ఆయనది బావులు తవ్వే ఒళ్లు. భుజాల్లో బలం ఉంది గాని, దూరం ఉరికిన మనిషి కాదు.

ఆ ఎండాకాలం మామకు జ్వరం పట్టుకుంది. అదే సమయంలో దొర ఎక్కడో దూరపు గడీలో పెళ్లికి బయలుదేరాడు. బండికి కొత్త కోడెలను కట్టారు. మామ బదులు మా ఆయన పోయాడు. పొద్దున పోయినవాడు పొద్దు గుంకే వేళకు తిరిగొచ్చాడు. దారిలో ఒక బావి దగ్గర ఆగి కోడెలకు నీళ్లు పెట్టారట. ఈయన కూడా వంగి దోసిలి పట్టేలోపు బండి కదిలిందట.

వాకిట్లోకి వచ్చి కూర్చోబోయాడు, మోకాళ్లు వంగలేదు. తొడలు ఉబ్బి, ముట్టుకుంటే రాయిలా ఉన్నాయి. అత్త ఆముదం వెచ్చజేసి రాయబోతే చెయ్యి తగలనియ్యలేదు.

"కాళ్ళు నాయి గానట్టున్నయే," అన్నాడు నాతో.

తెల్లవారి అసలు లేవలేకపోయాడు. బయటికి పోలేనంటే మంచం పక్కన పాత ముంత ఒకటి పెట్టాను. పారబోద్దామని దాన్ని వాకిట్లోకి తెచ్చి, వెలుగులో చూసి ఆగిపోయాను. లోపల ఉన్నది బెల్లం మాడగొట్టి నీళ్లు పోసినట్టుంది. కొంచెం వంచి చూస్తే అంచున ఎరుపు, అడుగున నలుపు.

"అత్తా, గిది సూడు," అన్నాను.

"వేడి చేసింది బిడ్డా. ఎండల ఉరికిండు గద. మజ్జిగ తాపుదాం," అంది అత్త. ఆమె గొంతులో నమ్మకం లేదు.

వేడి చేస్తే ఎట్లా వస్తుందో నాకు తెలుసు. ఎండల్లో కోతలకు పోయి నీళ్లు తాగని రోజు నాకూ చిక్కటి పసుపుగా వచ్చేది, రెండు చెంబుల నీళ్లు తాగితే పోయేది. ఇది పసుపు కాదు. ఒంట్లో ఏదో తెగి వస్తున్నదని నాకు అనిపించింది.

అప్పుడే సుంకరి వచ్చాడు. గడీ పిలుపులు ఊళ్లో వాళ్లకు చేరవేసేది అతనే.

"దొర మళ్ళ కదులుతున్నడు. నీ పెనిమిటిని తోలు," అన్నాడు.

"లేస్తలేడు. కాళ్ళు వాచినయి. మామకు జరం ఇంక దిగలే."

"గా ముచ్చట గడీల నడువది. మీ ఇంట్లకెల్లి ఒక మనిషి రావాలె. ఎవలో ఒకలు."

"ఎవలో ఒకలా? అయితే నేనొస్త, పా," అన్నాను.

ముంత మీద మోదుగాకు కప్పి చేతుల్లోకి తీసుకున్నాను. అత్త నా కొంగు పట్టుకుంది. "వద్దు బిడ్డా, గడీ సంగతి నీకు తెల్వది," అని ఏడ్చింది. కొంగు విడిపించుకుని నడిచాను. దారిలో ఒకామె ముంతలో ఏముందని అడిగింది. దొరకు చూపించేదన్నాను. కల్లు అనుకుందేమో, ఇంకేమీ అడగలేదు.

గడీ ముందు బండి కట్టి సిద్ధంగా ఉంది. వెట్టికి నీళ్లు మోసేవాళ్లు, వాకిలి ఊడ్చేవాళ్లు ఎవరి పనిలో వాళ్లున్నారు. దొర అరుగు మీద వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు నిలబడితే నీ బాంచన్, అంటే నీ బానిసను, అనాలి. పుట్టిన నాటి నుంచీ వినీ వినీ అదంతట అదే నోట్లోకి వచ్చే మాట. ఆ రోజు రాలేదు. మెట్టు మీద ముంత పెట్టి ఆకు తీశాను.

"ఏందే అది?" అన్నాడు దొర.

"నిన్న నీ బండి ముందల ఉరికినోని ఉచ్చ, దొరా. సూడు."

సుంకరి "అరెరే" అంటూ నా మీదికి వచ్చాడు. దొర చెయ్యెత్తి అతన్ని ఆపాడు. నవ్వాడు కూడా.

"ఎండకు ఎవనికైనా గట్లనే వస్తది. తీస్కపోయి పారబొయ్యి. వాణ్ణి రమ్మను."

నాకు భయం వెయ్యలేదని చెప్తే అబద్ధం. కానీ నా చూపు బండికి కట్టిన కోడెల మీద పడింది. వాటి మూపురాలు నిమురుతూ పాలేరు నిలబడ్డాడు. అవి కడుపునిండా నీళ్లు తాగి నిగనిగలాడుతున్నాయి.

"నీ కోడెలు గీ రంగు పోస్తే ఇయ్యాల బండి కడ్తవా దొరా?" అన్నాను.

ఊడ్చే చీపురు ఆగింది. నీళ్లు మోసే ఇద్దరు ఆడవాళ్లు కడవలతోనే దగ్గరికి వచ్చి ముంతలోకి తొంగి చూశారు. అందులో పెద్దామె "అయ్యో బిడ్డా, ఇది కండ గారుతున్నదే," అని పైకే అంది. దొర ముఖంలో నవ్వు పోయింది.

"దీన్ని బయటికి నూకుండ్రి!"

"నూకితే ముంత ఒలుకుతది. నీ మెట్ల మీదనే ఒలుకుతది," అన్నాను. సుంకరి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

నేనే ముంత తీసుకుని వెనక్కి తిరిగాను. ఆ రోజు బండి ముందు సుంకరిని ఉరికించారు. రోజూ అందరినీ పరుగెత్తించేవాడు ఊరి పొలిమేర దాకా పోయి, పొట్ట పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడట. ఊరంతా వారం రోజులు అదే చెప్పుకుని నవ్వింది.

మేము ఆ నవ్వు వినడానికి ఊళ్లో లేము. గడీ నుంచి రాగానే పక్కూరి నుంచి మా అన్నను పిలిపించి, అతని బండి మీద మా ఆయనను చిట్యాల చేర్చి, అక్కడ బస్సెక్కించి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాను. దొర మనుషులు సాయంత్రం మా ఇంటికొచ్చి కుండలు పగలగొట్టి మేకను తోలుకుపోయారని తరువాత తెలిసింది.

దవాఖానలో డాక్టరు నడివయసు మనిషి. తొడలు వత్తి చూశాడు. ఏం పని చేశాడని అడిగాడు. దొర బండి ముందు ఉరికాడని చెప్పాను. ఉచ్చ ఏ రంగులో వచ్చిందో కూడా చెప్పాను.

"అలవాటు లేని ఒళ్ళు ఒక్కసారే గంత కష్టం జేస్తే, అండ్ల ఎండ, నీళ్ళు లేవు, కండ విరిగిపోతది," అన్నాడు. "విరిగిన కండ నెత్తుర్ల కలిసి గుర్దాలకు పోతది. గుర్దాలంటే కిడ్నీలు, జల్లెడ లెక్క. గా రంగు ఆ జల్లెడల వడ్డ కండదే. జల్లెడ పూడుకపోతే ఉచ్చ ఆగుతది. ఆగితే మనిషి దక్కడు."

"ఏం జెయ్యాలె సారూ?"

"సూదితోని నేను నీళ్ళెక్కిస్త. నోటితోని నువ్వు తాపు. ఎంతొస్తాంది, ఏ రంగొస్తాంది, చూస్తుండు."

"మంచిగైనంక మళ్ళ ఉరికిస్తే?"

"మళ్ళ ఉరికిస్తే నా దగ్గరికి తేకు," అన్నాడు. "సీదా వల్లకాట్లకే తీస్కపో."

నేను చూస్తూ కూర్చున్నాను. మొదట చాలా కొద్దిగా వచ్చింది. తరువాత నలుపు విరిగి ఎరుపు అయింది, ఎరుపు విరిగి పసుపు అయింది. పసుపును చూసి అంత సంతోషించిన ఆడది ఆ దవాఖానలో ఇంకొకతె ఉండి ఉండదు.

దీనికి ఇప్పుడు నా నోరు తిరగని పొడవాటి పేరేదో ఉంది. మా మనవరాలే చెప్పింది. పోలీసు సెలక్షన్లకని ఒకేసారి మితిమీరి పరుగులు తీసి, గుంజీలు తీసి, మర్నాడు "అవ్వా, ఎర్రగొస్తాంది" అని చిన్నగా అన్నప్పుడు నేను ఆమెను చెప్పులు కూడా వేసుకోనియ్యకుండా ఆసుపత్రికి లాక్కుపోయాను. ఒళ్లు నొప్పులు మామూలే అనుకున్న పిల్ల, అక్కడి డాక్టరు మాటలు విని తెల్లబోయింది. వ్యాయామం తప్పు కాదు. ఒళ్లు అడ్డం తిరిగి చెప్తున్నప్పుడు వినకపోవడం తప్పు.

మేము ఊరికి తిరిగొచ్చేసరికి దొరల మీద, వెట్టి మీద కొట్లాడే సంఘం వచ్చింది. దొర బండి ముందు ఇక ఎవరూ ఉరకొద్దని మాదిగవాడలో కూర్చుని అందరూ ఒక్కమాట అనుకున్నారు. ఆ ముంత ముచ్చట నాతోనే చెప్పించారు. అక్షరాలు కూడా నాకు ఆ సంఘం వాళ్లే నేర్పారు. కొన్నాళ్లకు దొర గడీకి తాళం వేసి పట్నం పోయాడు.

పోలీసు యాక్షన్ అయింది, నిజాం రాజ్యం పోయింది. చిట్యాల రోడ్డు మీద మిలిట్రీ లారీలు పోతుంటే వెట్టి పీడ విరగడైందని సంబరపడ్డాం. వాటి వెనకే దొర కూడా తిరిగొచ్చాడు. సంఘంలో తిరిగినవాళ్లను మిలిట్రీవాళ్లు పట్టుకుపోయి క్యాంపులో పెట్టారు. మా ఆయన కూడా అందులో ఉన్నాడు. దాక్కున్నవాళ్ల జాడ చెప్పమని ఎండలో నిలబెట్టి గుంజీలు తీయించేవారు. ఈయన కొన్ని తీశాడు. తొడలు బిగుసుకోవడం తెలియగానే నేల మీద కూర్చుండిపోయాడు.

"ఉఠో," అని లేవమన్నాడు జవాను.

"లేవ. కొడ్తె కొట్టు. దెబ్బ తోలు మీద పడ్తది. గుంజీలు గుర్దాల మీద పడ్తయి."

కొట్టారు. ఎడమ మణికట్టు విరిగింది, మళ్లీ చక్కగా అతుక్కోలేదు. ఎవరి పేరూ చెప్పలేదు, ఇంకొక్క గుంజీ తీయలేదు. నేను జొన్నరవ్వతో వండిన గటక పట్టుకుని క్యాంపు ముళ్లకంచె దగ్గరికి పోయి, అందరికీ వినబడేలా ఒకటే అడిగేదాన్ని.

"ఏ రంగు?"

"తెల్లగనే," అని లోపలి నుంచి అరిచేవాడు. కావలి జవాన్లకు మా భాష తెలియదు. మేమేదో రహస్యం మాట్లాడుకుంటున్నామని నా గటక గిన్నెలో వేళ్లు పెట్టి వెదికేవారు.

కొన్ని నెలలకు వదిలిపెట్టారు. తరువాత ఆయన చాలా ఏళ్లు బతికాడు. వంకర మణికట్టుతోనే బావులు తవ్వాడు, పిల్లలను పెంచాడు. కానీ మళ్లీ ఎప్పుడూ పరుగెత్తలేదు. వాన వచ్చినా నడిచే వచ్చేవాడు. చిట్యాలలో బస్సు కదలబోతూ డ్రైవరు హారన్ కొడుతుంటే జనమంతా ఉరికేవాళ్లు. ఈయన మాత్రం తలపాగా సర్దుకుంటూ అదే నడక నడిచేవాడు.

"జర ఉరుకు, పోతాంది!" అని నేను అరిస్తే, "పోతే పోనియ్యి. ఇంకోటొస్తది," అనేవాడు.

కొన్నిసార్లు బస్సు ఆగేది. చాలాసార్లు పోయేది. అప్పుడు ఇద్దరం రోడ్డు పక్కన కూర్చుని, తీరిగ్గా ఇంకో బస్సు కోసం చూసేవాళ్లం.