నిమ్మకాయ తినేసిన రోజు

మొన్న రాజాం దారిలో మా అల్లుడి చిన్న కారు వేడెక్కి ఆగిపోయింది. ముందు మూత ఎత్తగానే కమిలిన రబ్బరు వాసన కొట్టింది. మా మావయ్య పాత కారు వాసన కూడా అదే.

మావయ్య ఆ కారుని పొగడని రోజు లేదు. "సిన్నదే గానీ గుర్రంరా ఇది," అనేవాడు ఊళ్లో అందరితో. రామతీర్థంలో పూజ చేయించి, దిష్టి తగలకుండా ముందర నిమ్మకాయ, మిరపకాయలు కట్టించాడు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లుంటాయేమో. మర్నాడు పొద్దున్నే ఎవరూ చూడకుండా ఆ నిమ్మకాయ తెంపి, ఉప్పద్దుకుని తినేశాను. ఆ రోజే అమ్మకి జ్వరం ఎక్కువైతే మావయ్య మమ్మల్ని కారులో ఆసుపత్రికి బయల్దేరదీశాడు. సగం దారిలో కారు పొగలు కక్కి ఆగిపోయింది. వెనక సీట్లో అమ్మ వణుకుతోంది. అమ్మకేమైనా అయితే ఆ పాపం నాదేనని భోరుమన్నాను.

"ఏటే, ఏటయినాది?"

"నిమ్మకాయ నేనే తినీసినాను మావా. దిష్టి తగిలీసినాది."

ముందు మూత ఎత్తి నీళ్లు పోస్తున్న మావయ్య పకపకా నవ్వాడు. "ఒసే ఎర్రిదానా! నిన్న నిమ్మకాయ ఉండగానే రెండుసార్లు ఆగిపోనాది. మీ అత్తకి సెప్పకు, కారు అమ్మీమంతాది."

కాసేపటికి కారు కదిలింది. ఆసుపత్రిలో సూది వేశాక అమ్మ లేచి కూర్చుని కాఫీ అడిగింది.

ఎవరి దగ్గరా ఆ కారుకి వంక ఒప్పుకోని మనిషి, నా ఏడుపు ఆపడానికి గుట్టు విప్పేశాడు.

మొన్న అల్లుడు నా వైపు చూడలేక తల దించుకున్నాడు. "నీళ్లు పొయ్యండి బాబూ," అన్నాను, "అమ్మాయికి సెప్పన్లెండి."