పాల్గొన్నవారు పదకొండు మంది

మా అన్నయ్యది పుస్తకాల బైండింగు పని. వయసు నలభై రెండు. ఆటిజం ఉంది. కాగితం అంచు వెంట్రుకవాసి పక్కకు జరిగినా కట్ట విప్పి మళ్లీ కుడతాడు కాబట్టి షాపులో అందరూ 'కొలబద్ద' అంటారు. ఆ మాటకు అతను నొచ్చుకోడు. నొచ్చుకునేది నేను.

రెండేళ్ల కిందట ఒక ప్రొఫెసరమ్మ మా ఇంటికొచ్చింది. ఆటిజం ఉన్నవాళ్లు ఉద్యోగాల్లో పడే ఇబ్బందుల మీద పరిశోధనట. మిమ్మల్ని పరీక్షించడానికి కాదు, మాతో సమానంగా కూర్చుని పనిచేయడానికి రమ్మంటున్నానని తియ్యగా చెప్పింది. అన్నయ్య నమ్మాడు. అతనిలాంటివాళ్లే మరో పదిమంది నమ్మారు. ప్రతి బుధవారం వెళ్లి, వాళ్ల ప్రశ్నలు సగానికి పైగా కొట్టేసి కొత్తవి రాశారు, తమ జవాబులూ ఇచ్చారు. 'శబ్దాలు ఇబ్బంది పెడతాయా' అన్నది తీసేసి, 'ఏ శబ్దం విన్నాక ఎంతసేపటికి మళ్లీ పని మొదలుపెట్టగలరు' అని రాసింది అన్నయ్యే.

చివరికి ఆ నివేదిక పది కాపీలు బైండింగుకు అన్నయ్య షాపుకే వచ్చాయి. అతను అక్కడ పనిచేస్తాడని ఆవిడకు గుర్తే లేదు. మొదటి పేజీలో ఆవిడ పేరు, ఇద్దరు సహాయకుల పేర్లు. అన్నయ్యవాళ్ల గురించి ఆఖరి పేజీలో ఒక్క ముక్క: 'పాల్గొన్నవారు: పదకొండు మంది.' నాకు కడుపు మండిపోయింది. తగలబెట్టెయ్యమన్నాను. అన్నయ్య మాత్రం మొదటిరోజు వాళ్లిచ్చిన నిబంధనల కాగితం తీసి చదువుకున్నాడు.

నాలుగో రోజు పుస్తకాల కోసం వచ్చిన ఆవిడ చేతిలో పదకొండు సంతకాల ఉత్తరం పెట్టాడు.

"మమ్మల్ని పాల్గొన్నవాళ్లని రాశారు. పాల్గొన్నవాళ్లు ఎప్పుడైనా జవాబులు వెనక్కి తీసుకోవచ్చని మీ కాగితంలోనే ఉంది. తీసుకుంటున్నాం."

ఆ జవాబులు పోతే మిగిలేది అట్టలే. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. నివేదిక ఇవ్వడానికి మర్నాడే గడువు, తర్వాత సరిదిద్దుతానని బతిమాలింది. చూస్తున్న నాకు పండగలా ఉంది.

"పద్నాలుగు పేర్లూ మొదటి పేజీలో ఉండాలి. అక్షరక్రమంలో," అన్నాడు అన్నయ్య.

"అదెలా కుదురుతుంది బాబూ?"

"సమానం అన్నారు కదండీ."

గడువు దాటిపోయింది. ఆవిడ పైవాళ్లకు సంజాయిషీ రాసుకుంది. వారం తర్వాత కొత్త పేజీ తెచ్చింది. అందులో ఆవిడది పద్నాలుగో పేరు. అన్నయ్య ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వెనక్కి తీసుకుని చించేసి, కుట్టడానికి కూర్చున్నాడు. నేను పది కాపీలూ తెరిచి, పదిసార్లూ ఆ ఆఖరి పేరు చదువుకున్నాను. కడుపు చల్లబడింది.