మునుగుడు కోడి గూడెక్కడ

ఆ పొద్దున మా అక్క గుర్వమ్మ వాగు దాకా పోయి వచ్చి, చెప్పులు గడప బయట విడిచి, "ఇయ్యాల గూడ గుడ్లు కనబడలె చెల్లె" అంటూ ఎసట్లో బియ్యం పోసింది. అన్నం ఉడకకముందే గోడకు ఒరిగింది. దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదు.

ఆమె వెతికింది మునుగుడు కోడి గుడ్లు. పావురం కన్నా చిన్న నీటిపిట్ట అది. చూస్తుండగానే మునిగి, మనం అనుకోని చోట తేలుతుంది.

పాలమూరులో మా పేట వెనక వాగు ఒకప్పుడు పేరుకే వాగు. ఇసుక తోడుకుపోయిన గుంతలు, సర్కారు తుమ్మ, ఊరి చెత్త. పంతొమ్మిది వందల ఎనభై ఏడు కరువు పనుల్లో తుమ్మ కొట్టి, చెత్త ఎత్తి, నీళ్లు ఆగేలా అడ్డంగా రాళ్లతో కత్వ కట్టారు. అక్క కూడా మట్టి తట్టలు మోసింది. నీళ్లు నిలవవని అందరూ అన్నారు. రెండు వానాకాలాలు గడిచాక కత్వ వెనక మడుగు ఎండల్లోనూ నిలిచింది. ముందు కొంగలు వచ్చాయి, తర్వాత ఈ పిట్టలు.

వచ్చినవి ఉంటాయా, పోతాయా? అక్కకు అదే ఆరాటం. నీళ్లు ఎండుతాయని తోస్తే పిట్ట గుడ్డు పెట్టదని ఆమె నమ్మకం. తాను మోసిన మట్టి పనికొచ్చిందని ఇంజినీరు చెబితే చాలదు, పిట్ట చెప్పాలి.

అయితే పిట్టలను చూడటం ఆమెకు రాదు. చిన్ననాటి నుంచి జొన్నచేలకు కావలి ఉన్న మనిషి. మంచె ఎక్కి, వడిసెల తిప్పి, వాటిని వెళ్లగొట్టడమే నేర్చింది. ఇక్కడా గట్టు మీద నిటారుగా నిలబడేది. పిట్ట కనబడితే చాలు, నోట "హోయ్" అని వచ్చేసేది. మడుగు ఖాళీ.

వంతెన పక్కన సైకిళ్లు బాగుచేసే షరీఫ్ నవ్వేవాడు. "గుర్వమ్మక్కా, ఇది నీ జొన్నచేను గాదు. నిన్ను జూసి పిట్టలు కిష్ణ దాటుతున్నయి. జర కూసో."

"నా నోరు నా మాట ఇంటలేదు షరీఫూ."

చివరికి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. అప్పటి నుంచి రోజూ ఒక వింత మోసుకొచ్చేది. ఆ పిట్ట తన ఈకలు తానే మింగుతుందని చెబితే నేను నమ్మలేదు. జంటగా ఉన్నప్పుడు ఎవరో విరగబడి నవ్వినట్టు అరుస్తాయట.

గూడు మాత్రం దొరకలేదు. జమ్ములోంచి పిట్ట నీళ్లలోకి దిగడం చూసి, చీర ఎగ్గట్టి ఆ చోటికే పోయేది. నీళ్ల మీద చెత్త తప్ప ఏమీ కనబడక తిరిగొచ్చి, "ఏడ పెడతదో దాని తల్లికన్న ఎరుకో లేదో" అని విసుక్కునేది. మర్నాడు మళ్లీ పోయేది.

ఆమె పోయిన కొన్నేండ్లకు నేను నందికొండకు పోయినప్పుడు, అక్కడ చేపలు పట్టే జానయ్య వల ఆరేస్తుంటే, మాటల్లో ఈ పిట్ట ఊసు వచ్చింది. మునుగుడు కోడి గూటి మీంచి దిగే ముందు పచ్చి నాచు లాగి గుడ్లను కప్పిపెట్టి పోతుందట. అప్పుడు గూడు నీళ్ల మీద కుళ్లిన చెత్తలాగే కనబడుతుందట.