కాపరి లేని జింకలు

మనవరాలు ఫోన్‌లో సముద్రం పక్కనుండే పార్కు ఫొటో చూపించింది. కాలిబాట మింద జింకల్ని చూడగానే ఆ పార్కును గుర్తుపట్టినాను.

నాకు పదేళ్లప్పుడు నాయన నన్ను ఆ పార్కుకు తీసుకుపోయినాడు. ముందు వారమే పుంగనూరు గుట్టల్లో గొర్రెపిల్లను పోగొట్టి, ఆయన చేత దెబ్బలు తిన్నాను. పార్కులో జింకలు మేస్తాండాయి, కాపరి లేడు. పొద్దు వాలతాండాది. కట్టె తీసుకొని వాటిని ఒకచోటికి తోలబోయినాను.

"యాల తోలతాండావమ్మా?"

"వీటిని పోగొట్టిన పిల్లను ఇంట్లో కొడతారు నాయనా."

నాయన నవ్వలేదు. అవతలి పక్కకు పోయి, మంద చెదరకుండా అడ్డం నిలబడినాడు. జింకలు ఇద్దరినీ దాటి పారిపోయినాయి.

పెద్దదాన్నయినాక అక్షరాలు నేర్చుకున్నాను. ఫొటోలో బోర్డు నేనే చదివినాను: జంతువులను తరమరాదు. ఆ పొద్దు నాకు చదివేది వచ్చినా తోలేదాన్నే.