బూడిదలోంచి ముందే లాగిన పంపు

మధ్యాహ్నం నూకరాజు నన్నొదిలేసి వేరే చోట కూర్చుని అన్నం తిన్నాడు. ఇలా ఎప్పుడూ జరగలేదు. ఆటోనగర్‌లో ఈ వెల్డింగ్ షెడ్డులో నేను పనికి చేరిన దగ్గర్నుంచి నాకు తోడంటూ ఉన్నది వాడొక్కడే.

పొద్దున్న వాడొక పోత ఇనుము పంపుకి వెల్డింగ్ చేసి, మెల్లగా చల్లారాలని వేడి బూడిదలో కప్పాడు. ఆగలేక నేను ముందే బయటికి లాగాను. చల్లగాలి తగిలి టప్‌మని పగిలింది. "నువ్వే సరిగ్గా చెయ్యలేదు" అని అందరి ముందూ వాడి మీదే అరిచాను.

"ఏటి బావ, నాను సెయ్యనేదా? కాసేపు ఆగనేవా నువ్వు? నీ పక్కన కూకుంటే ముద్ద దిగదు నాకు" అని చేపల కూర క్యారేజీ పట్టుకుని పోయాడు.

షెడ్డులో అంత సుత్తుల చప్పుడులో ఒక్కడినే తిన్నాను. సాయంత్రం ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ నొక్కబోయి ఆగాను. ఈ ఆగడం ఇంత కష్టమని ఎవరూ చెప్పరేం? మీకెలా అలవాటైందో కింద రాయండి.

నూకరాజూ, పంపు పగలగొట్టింది నేనే. రేపు మధ్యాహ్నం అన్నాలవేళకి చెప్పు, నా పక్కన కూర్చుంటావా లేదా? అప్పటిదాకా ఫోన్ చెయ్యను.