మిషను ఒప్పుకోని కార్డు

అన్నా, వదినా, టీ గ్లాసులు ముందు కింద పెట్టుకోండి. నవ్వితే మీద పడతాది. పోయిన నెల నా ఉద్యోగం సముద్రంలో కలవబోయింది. తోసింది ఎవరో కాదు, నేనే!

మీకు తెలుసుగా, మద్రాసులో కంప్యూటర్ మిషను దగ్గర ట్రైనింగులో ఉన్నాను. దానికి పని చెప్పాలంటే అట్టకార్డులకు బెజ్జాలు కొట్టి కట్టగా పెట్టాలి. అన్నిటికన్నా పైకార్డు మీద హుకుం ఉండాలి, ఫలానా పని మొదలుపెట్టు అని. పక్కనే టైపుమిషను. 'నీ కడుపులో ఏముంది?' అని ఇంగ్లీషులో ఓ ముక్క కొడితే టకటకా జవాబు కొడతాది. 'తుడిచెయ్' అంటే అంతా తుడిచేసుకుంటాది.

ఆరోజు పెన్నా వరద లెక్క. మాకిచ్చిన టైము మూడు నుంచి నాలుగు, అంతే. మా ఆఫీసరు గూడూరాయనే. "ఒక్కడివే నడిపించు. నడిచిందా, పర్మనెంట్. లేదా, మీ ఊరు మైపాడు బస్సెక్కు" అన్నాడు.

కార్డులు పెట్టినాను. బటన్ నొక్కినాను. గుర్రుమని ఆగిపోయింది! 'ఈ హుకుం నాకు తెలియదు' అని కొట్టింది టైపుమిషను.

కడుపులో ఏముందని అడిగినాను. ఏమీ లేదంది. తుడిచెయ్ అన్నాను. మళ్ళీ కార్డులు. మళ్ళీ 'తెలియదు'! లేస్తాను, కూర్చుంటాను, గడియారం చూస్తాను. కొబ్బరికాయతో మొదలైన మొక్కు తిరుపతి గుండు దాకా పోయింది. మూడూ నలభై!

ఆఫీసరు వచ్చి పైకార్డు వెలుతురుకు పట్టి చూసినాడు.

"ఏందయ్యా ఇది?"

"శ్రీ, సార్."

"ఎవరు కొట్టినారు?"

"నేనే సార్. శ్రీ రాయకుండా మా ఇంట్లో ఉత్తరం కూడా మొదలుపెట్టం."

"ఈ మిషనేమన్నా మీ ఇంట్లో పుట్టిందా? తియ్యి!"

కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాను. ఈసారి మిషను ఆగలేదు. వరద లెక్కంతా కాగితం మీద పారింది. నాలుగు కొట్టడానికి ఇంకా మూడు నిమిషాలు! ఆఫీసరు నా భుజం తట్టబోయినాడు. ఆ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, టైపుమిషను మళ్ళీ కొట్టింది: 'ఈ హుకుం నాకు తెలియదు.'

ఆయన అడుగుకార్డు లాగినాడు.

"మరి ఇదేంది?"

"శుభం, సార్."

శనివారం ఆర్డరు వచ్చింది. పర్మనెంటే! వదినా, అప్పుడే దండం పెట్టొద్దు, రెండో వరుస కూడా విను: 'మిషను గదిలోకి పంపే ముందు ఇతని జేబులు వెతకవలెను.' ఇప్పుడు రోజూ గుమ్మం దగ్గర చేతులు పైకెత్తి నిలబడతున్నాను.

అన్యాయమంటావా అన్నా? వెతికిన మొదటిరోజే జేబులో శ్రీ కార్డుతో దొరికిపోయినాను!