పనిచేస్తున్న హీటర్

ఉదయం ఎనిమిదీ ఇరవైకి ఆ ఖాళీ ఇంట్లో హీటర్ ఆన్ అయింది. మామూలుగా, చిన్న చప్పుడు చేసి. అది పనిచేయడం లేదని నేను కాగితం మీద రాశాను. ఇన్నేళ్లుగా మోస్తున్నది ఆ ఒక్క మాటనే. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పలేకపోయాను కనుక మీకు చెబుతున్నాను.

అమెరికాలో ఇళ్ల ధరలు కూలిపోయిన రోజులవి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయాక, మోరిస్‌విల్ చుట్టుపక్కల అప్పు కట్టలేక జనం వదిలేసిన ఇళ్లను చూసి రిపోర్టు రాసే పనిలో చేరాను. అలా ప్రభుత్వం చేతికి వచ్చిన ఇళ్లలో కొన్నింటిని, ఉండటానికి చోటు లేని కుటుంబాల కోసం ఒక సేవా సంస్థకు ఇచ్చేవారు. నివసించడానికి పనికొస్తుందని నేను రాస్తే సంస్థకు. రాదని రాస్తే వేలానికి. హీటర్ పనిచేయకపోతే చాలు, పనికిరాదనే లెక్క.

ఆ రోజు సంస్థ తరఫున ఒకావిడ ఒక తల్లినీ, ఆమె ఏడేళ్ల కూతురినీ ఇల్లు చూపించడానికి తీసుకొచ్చింది. తల్లి ఆరు నెలలుగా కారులో పడుకుంటోంది. అందుకని కోర్టు పిల్లను తాత్కాలికంగా వేరే కుటుంబానికి అప్పగించింది; ఆ పూటకు మాత్రం తల్లితో పంపారు. వచ్చే వారం జడ్జికి ఒక ఇంటి అడ్రస్ చూపిస్తే పిల్ల వెనక్కి వస్తుంది. ఇదంతా ఆవిడ నాకు గుమ్మంలోనే చెప్పింది. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

పిల్ల చిన్న గదిలో, నేల మీద హీటర్ గాలి వచ్చే జాలీ దగ్గర గొంతుక్కూర్చుని రెండు చేతులూ చాపింది. వేడిగాలికి జుట్టు లేచింది. "వెచ్చగా ఉంది," అంది నాతో. తలూపాను. నవ్వాను కూడా.

వాళ్లు వెళ్లాక కారులో కూర్చున్నాను. ఫారం నింపలేదు. ఆ ఇంటి గుమ్మం తూర్పుకి ఉంది. మా అపార్ట్‌మెంట్‌ది దక్షిణం. నా భార్యకు అప్పటికి మూడోసారి కీమో నడుస్తోంది. ఆ గుమ్మమే మనిషిని తినేస్తోందని మా అత్తగారు రోజూ ఫోన్‌లో ఏడ్చేవారు. నేను వాస్తు నమ్మేవాణ్ణి కాదు. డాక్టరు మా కళ్లలోకి చూడటం మానేసిన ఆ నెలలో నమ్మాను. లేక, నమ్మడం తప్ప చేయడానికి ఇంకేమీ మిగలలేదా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ ఇంటి సంగతి ముందే నాతో విన్న బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఈస్ట్ ఫేసింగేనా?"

"ఆఁ. కానీ వేరేవాళ్లకి ఇస్తున్నార్రా. చిన్న పిల్ల ఉంది."

"హీటర్ పాతదేగా?"

"పనిచేస్తోంది."

"ఇవాళ చేస్తోంది. రేపు చేస్తుందని గ్యారంటీ రాసిస్తావా? ఒక్క టిక్కు బావా. ఆక్షన్‌లో నా పేరు మీద నేను కొంటా. నిజం రాస్తే నీకేమన్నా ఇంకో గ్రీన్ కార్డ్ ఇస్తారా?" మళ్లీ వాడే, "అక్క కూడా మనిషేగా," అన్నాడు.

వాణ్ణి అనడానికి లేదు. పెన్ను నా చేతిలో ఉంది. హీటర్ పనిచేయడం లేదన్న చోట టిక్కు పెట్టాను.

గృహప్రవేశం రోజు తలకు స్కార్ఫ్ కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి, పాలు పొంగగానే నా భార్య నవ్వింది. ఎన్నో వారాల తర్వాత. "హీటర్ బాగు చేయించారా?" అంది. చేయించానన్నాను. ఆ చలికాలమంతా పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఆ జాలీ దగ్గరే చేతులు కాచుకునేది. మరుసటి చలికాలానికి తను లేదు.

ఆ తల్లికి గడువులోగా ఇంకో ఇల్లు దొరకలేదని సంస్థ ఆవిడ ఒకసారి చెప్పింది. ఆ తర్వాత ఏమైందని అడగలేదు. ఆవిడ నంబరు నా ఫోన్‌లో ఇంకా ఉంది. పిల్లకు ఏం చెప్పి ఉంటారు? హీటర్ పాడైందనే చెప్పి ఉంటారు. వెచ్చగా ఉందని దానికి తెలుసు. పెద్దవాళ్ల మాటే నమ్మి, తన చేతులే తప్పనుకుందా?

నా భార్య చావును దీనికి శిక్షగా జమకట్టుకోవాలని చాలాసార్లు చూశాను. కుదరదు. ఆ చావు ఆమెది. దానివల్ల ఆ పిల్లకు ఏమీ తిరిగి రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అడగాల్సినవాళ్లు మీరు కారు. హీటర్ పనిచేసింది. ఆ మాట కాగితం మీద పెట్టాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.

అది ఇప్పటికీ పనిచేస్తోంది. ఆ ఇంట్లో నేనొక్కణ్ణే ఉంటున్నాను. ఆ జాలీ దగ్గర ఎవరూ చేతులు కాచుకోవడం లేదు.